18వ శతాబ్దపు యూరప్ యూనిఫామ్‌లు: ఏ గైడు నమ్మి రంగు వేయాలి?

సీసపు సిపాయి:
అందరికీ నమస్కారం. లాయిటెన్ యుద్ధం (5 డిసెంబర్ 1757) చిన్న చిన్న సైనికుల బొమ్మలతో టేబుల్ మీద ఆటగా ఆడాలని చాన్నాళ్లుగా కోరిక. ప్రష్యా ఒకవైపు, ఆస్ట్రియా ఒకవైపు, 15 మి.మీ. బొమ్మలు. బొమ్మలు వచ్చేశాయి, శుభ్రం చేసి ప్రైమర్ (అడుగు పూత) కూడా కొట్టేశాను, ఇక రంగుల దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఒకే ప్రష్యన్ రెజిమెంట్‌కి ఒక పుస్తకంలో కాలర్ ఉంది, ఇంకో చోట లేదు, మూడో చోట వెయిస్ట్‌కోటు (కోటు లోపల వేసేది) పసుపు, నాలుగో చోట తెలుపు. అందరూ ఇదే కరెక్ట్ అన్నట్టు రాశారు. నా దగ్గర పెద్ద బడ్జెట్ లేదు, ఒకటో రెండో పుస్తకాలు కొనగలను అంతే. ఏడేళ్ల యుద్ధం (1756–63) వరకు చాలు. ఏది కొనాలి, దేన్ని నమ్మాలి?

కుంచె మేస్త్రి:
స్వాగతం బ్రదర్. ముందు టెన్షన్ వదిలెయ్. 15 మి.మీ. బొమ్మలో, చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే కనబడేవి కొన్నే: కోటు రంగు, కఫ్‌లు, ఛాతీ మీద మడిచిన లాపెల్స్ (రంగు పట్టీలు), వెనక్కి మడిచి కట్టిన కోటు అంచులు, వెయిస్ట్‌కోటు, బ్రీచెస్ (మోకాళ్ల దాకా ఉండే లాగు), టోపీ అంచు లేసు. గుండీ ఇత్తడిదా తగరానిదా అన్నది ఈ సైజులో ఒక చుక్క. కాబట్టి ఈ ఏడు సంగతులు రెజిమెంట్ వారీగా పట్టికలా ఇచ్చే పుస్తకం నీకు కావాలి, అందమైన బొమ్మలున్న పుస్తకం కాదు.

ఆస్ప్రే అనే ప్రచురణకర్తల మెన్-ఎట్-ఆర్మ్స్ సిరీస్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైన్యం మీద మూడు, ఆస్ట్రియా సైన్యం మీద మూడు ఉన్నాయి. ఆశ్వికదళం ఒకటి, పదాతిదళం ఒకటి, మిగతావాళ్లు ఒకటి. సన్న పుస్తకాలు, 48 పేజీలు, మధ్యలో రంగుల బొమ్మల పేజీలు (ప్లేట్లు) 8. లాయిటెన్‌కి రెండు పదాతిదళం పుస్తకాలతో మొదలుపెట్టు, పాతవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. నేను నా ప్రష్యన్లందరినీ దాదాపు వాటితోనే వేశాను, ఇంతవరకు టేబుల్ దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు.

నీలి కోటు:
మేస్త్రి గారూ, మీరు చెప్పింది పని మొదలుపెట్టడానికి బాగుంటుంది, కాదనను. కానీ ఆయన అడిగింది దేన్ని నమ్మాలని. నేను జర్మనీలో ఉంటున్నాను, ఈ పిచ్చి వల్ల ఇక్కడి మ్యూజియంలు, లైబ్రరీ స్కాన్లు బాగానే తిరగేశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఏ ప్లేటు చూసినా రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ సంవత్సరపు సైనికుడు? గీసినవాడు దేన్ని చూసి గీశాడు? ఈ రెండింటికీ జవాబు చెప్పని గైడు ఎంత లావుగా ఉన్నా నాకు పనికిరాదు.

మీరు చూసిన నాలుగు తేడాల్లో బహుశా ఎవరిదీ అబద్ధం కాదు. 1740లో ఫ్రెడరిక్ గద్దె ఎక్కాడు, 1786లో పోయాడు. ఆ 46 ఏళ్లూ ఆయన సైన్యం ఒకే బట్టల్లో లేదు. "ఫ్రెడరిక్ ది గ్రేట్ సైనికుడు" అని ఒకే బొమ్మ వేసి కింద రెజిమెంట్ పేరు రాసేస్తే అందులో 1745 కఫ్, 1780 టోపీ కలిసిపోయి ఉండొచ్చు. ఏ ఒక్క రోజూ అలాంటి మనిషి ఎక్కడా నిలబడలేదు.

ఇక ఆధారాల సంగతి. ఇవి మూడు పొరలు. మొదటి పొర ఆ కాలంలోనే తయారైనవి. ఆస్ట్రియాకి 1762 నాటి ఆల్బర్టీనా చేతిరాత పుస్తకం, వియన్నాలోని ఆల్బర్టీనా సంగ్రహంలో ఉన్నది కాబట్టి ఆ పేరు. అదే 1762కి చెందిన బౌట్సెన్ చిత్రాల పుస్తకం ఇంకొకటి. న్యూరెంబర్గ్‌లో రాస్పే అనే ముద్రాపకుడు యుద్ధం జరుగుతుండగానే ఒక్కో సైన్యానికి చిన్న చిన్న ప్లేట్ల పుస్తకాలు అచ్చువేసి అమ్మాడు. రెండో పొర 19వ శతాబ్దపు చిత్రకారులు: మెన్‌ట్సెల్, క్నోటెల్, రష్యాకి విస్కోవాటోవ్. మూడో పొర మన కాలపు పుస్తకాలు, ఇవి పై రెండింటి మీద ఆధారపడ్డవి. మూడో పొర రచయిత మొదటి పొర దాకా వెళ్లాడా, లేక రెండో పొర దగ్గరే ఆగి దాన్నే కాపీ కొట్టాడా అన్నదే అసలు తేడా. ఒకడు చేసిన పొరపాటు యాభై పుస్తకాల్లోకి ఎలా పాకుతుందో ఈ రంగంలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు.

కుంచె మేస్త్రి:
సరే, కానీ 1762 నాటి చేతిరాత పుస్తకం పట్టుకుని 1757 బొమ్మకి రంగు వేస్తే అది మాత్రం కరెక్ట్ అవుతుందా? అక్కడా అయిదేళ్ల తేడా ఉందిగా.

నీలి కోటు:
ఉంది, అందుకే దాన్ని కూడా గుడ్డిగా నమ్మమనడం లేదు. యుద్ధం మధ్యలో బట్ట దొరక్క రంగు మారొచ్చు, రెజిమెంట్ అధిపతి మారితే ఆయన ఇష్టం కొద్దీ కూడా మారొచ్చు. కాకపోతే 1762 పుస్తకం తన సంవత్సరం చెప్పుకుంటుంది, కాబట్టి ఎంత అనుమానించాలో మనకి తెలుస్తుంది. సంవత్సరం చెప్పని పుస్తకంతో ఆ అవకాశం కూడా ఉండదు.

మెన్‌ట్సెల్ గురించి ఒక మాట. 19వ శతాబ్దం వాడని కొందరు తీసిపారేస్తారు, అది అన్యాయం. ఆయన బెర్లిన్‌లో మిగిలి ఉన్న అసలు కోట్లు, టోపీలు దగ్గర పెట్టుకుని ఒక్కో కుట్టూ చూసి గీశాడు. ఫ్రెడరిక్ సైన్యపు యూనిఫామ్‌ల మీద ఆయన లిథోగ్రాఫ్‌లు (రాతి మీద గీసి అచ్చువేసిన బొమ్మలు) 1850ల్లో వచ్చాయి, చేత్తో రంగులు వేసి 30 ప్రతులే తీశారు. ఆ పని వెనక ఉన్న ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన చూసిన కొన్ని వస్తువులు ఇప్పుడు మనకి లేవు, కాబట్టి ఆ బొమ్మలు ఒక రకంగా మొదటి పొరకి దగ్గరవే. కానీ మిగిలిన కోటు అంటే ఎక్కువగా రాజ్యం చివరి కాలపుది, అది మర్చిపోకూడదు.

లిల్లీ పువ్వు:
ఫ్రెంచ్ సైన్యం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను దూరుతున్నాను. సంవత్సరం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఫ్రాన్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1762లో మంత్రి షువజోల్ కొత్త నిబంధనలు తెచ్చాడు, ఆ తర్వాతే ఫ్రెంచ్ పదాతి కోటుకి రంగు రంగుల లాపెల్స్ మామూలయ్యాయి. అంతకు ముందు మామూలు ఫ్రెంచ్ రెజిమెంట్ కోటు బూడిద కలిసిన తెలుపు, ఛాతీ మీద లాపెల్ లేదు, గుండీల వరుస అంతే. రెజిమెంట్‌నీ రెజిమెంట్‌నీ విడదీసేది కఫ్ రంగు, వెయిస్ట్‌కోటు రంగు, జేబు నిలువుదా అడ్డంగా ఉందా, దాని మీద గుండీలు ఎన్ని అన్నవి. ఇప్పుడు రాస్‌బాఖ్ (5 నవంబర్ 1757) ఆడుతూ లాపెల్స్ ఉన్న ఫ్రెంచ్ బొమ్మలు పెడితే ఆ సైన్యం అయిదేళ్లు ముందుకి దూకినట్టే. ఇది చుక్కంత గుండీ కాదు మేస్త్రి గారూ, ఛాతీ మొత్తం మారిపోతుంది, చెయ్యి చాచినంత దూరం నుంచి కూడా తెలుస్తుంది. పైగా బొమ్మ పోతలోనే లాపెల్ ఉంటుంది కాబట్టి రంగుతో దాచలేం. కొనేముందే చూసుకోవాలి.

ఫ్రెంచ్ కొలువులో అందరూ తెల్ల కోట్లే అనుకోవద్దు. స్విస్ రెజిమెంట్లూ ఐరిష్ రెజిమెంట్లూ ఎరుపు, జర్మన్ రెజిమెంట్లు నీలం. గార్డుల్లో గార్డ్ ఫ్రాన్సేజ్ నీలం మీద ఎరుపు, గార్డ్ స్విస్ ఎరుపు మీద నీలం. ఒక ఫ్రెంచ్ సైన్యం వేస్తే మూడు సైన్యాలు వేసినంత సరదా.

కుంచె మేస్త్రి:
లాపెల్ విషయం ఒప్పుకుంటున్నాను లిల్లీ గారూ, బొమ్మ కొనేముందు చూడాల్సిందే.

సీసపు సిపాయి:
వామ్మో, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. ఒకటి, ఆస్ట్రియన్ తెలుపు ఎలా వేయాలి? తెల్ల రంగు నేరుగా వేస్తే సుద్దలో ముంచినట్టు ఉంది. రెండు, లాయిటెన్‌లో ఆస్ట్రియా పక్షాన నీలి కోట్లవాళ్లు కూడా ఉన్నారని ఎక్కడో చదివాను, నిజమేనా? అలాగైతే టేబుల్ మీద ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

నీలి కోటు:
రెండోదానికి నేను చెప్తాను, మొదటిది మేస్త్రి గారి పని.

నిజమే. ఫ్రెడరిక్ దాడి చేసింది ఆస్ట్రియా ఎడమ వైపున, సాగ్‌షుట్స్ ఊరి దగ్గర. అక్కడ నిలబడ్డది వుర్టెంబర్గ్, బవేరియా సైనికులు. వుర్టెంబర్గ్ డ్యూక్‌కి ప్రష్యా ఫ్యాషన్ అంటే మోజు, ఆయన సైన్యం బట్టలు అచ్చం ప్రష్యన్ పద్ధతిలో కుట్టించిన నీలి కోట్లు. బవేరియావాళ్లదీ నీలమే, కాకపోతే కొంచెం తేలిక నీలం. అంటే ఆ మధ్యాహ్నం నీలి కోట్ల మీదికి నీలి కోట్లు నడిచాయి. ఆ రోజుల్లో మిత్రుణ్ని గుర్తుపట్టడానికి బట్టల రంగు ఒక్కటే సరిపోదని అందరికీ తెలుసు, అందుకే ఆస్ట్రియన్లు టోపీలో పచ్చటి ఆకుల రెమ్మ గుచ్చుకునేవాళ్లు. టేబుల్ మీద కూడా అదే చెయ్యండి, ఆస్ట్రియా పక్షం మొత్తానికి టోపీ మీద ఒక ఆకుపచ్చ చుక్క. చాలా గైడుల్లో ఈ రెమ్మ బొమ్మలోనే ఉంటుంది, జనం అలంకారం అనుకుని వదిలేస్తారు.

ఇంకో సంగతి. లాయిటెన్ చర్చి ఆవరణని చివరిదాకా కాపాడింది రోట్ వుర్ట్స్‌బుర్గ్ రెజిమెంట్, వుర్ట్స్‌బుర్గ్ బిషప్ సైన్యం. తెల్ల కోటు, ఎర్ర కఫ్‌లు. నీలి కఫ్‌లున్నవాళ్లది ఇంకో వుర్ట్స్‌బుర్గ్ రెజిమెంట్. వాళ్ల మీదికి గోడ దగ్గర ఎదురెక్కింది ప్రష్యన్ గార్డ్, కెప్టెన్ మ్యొలెన్‌డార్ఫ్ ముందుండి నడిపాడు. మీరు ఒక్క యూనిట్ మీదే గంటల తరబడి కూర్చోవాలనుకుంటే ఈ వుర్ట్స్‌బుర్గ్‌వాళ్ల మీద కూర్చోండి. ఆట మొత్తంలో వాళ్ల మీదే అందరి కళ్లూ ఉంటాయి.

కుంచె మేస్త్రి:
తెలుపు గురించి. ఆ కాలపు ఆస్ట్రియన్ కోటు మల్లెపువ్వులా ఉండదు, రంగు వేయని ఉన్ని అది, ముత్యపు బూడిద ఛాయ. దాన్ని సుద్దతో రుద్ది తెల్లగా చేసేవాళ్లు. కాబట్టి వెచ్చటి లేత బూడిదతో మొదలుపెట్టు, దాని మీద దంతపు తెలుపు, భుజాలూ మడతల అంచుల మీద మాత్రమే అసలు తెలుపు. మడతల్లో పలచటి గోధుమరంగు వాష్ (నీళ్లలా పలచన చేసిన రంగు) పారించు, నల్ల వాష్ వద్దు, మురికి పట్టినట్టు అవుతుంది. ఫ్రెంచ్‌వాళ్లకి ఇదే పద్ధతి కానీ అడుగు రంగు చల్లటి బూడిద వేస్తాను, రెండు సైన్యాలూ పక్క పక్కన పెడితే తేడా తెలియడానికి.

ప్రష్యన్ నీలం మాత్రం దీనికి ఉల్టా. అసలు బట్ట చాలా ముదురు నీలం, దూరం నుంచి నలుపే. దాన్ని ఉన్నదున్నట్టు 15 మి.మీ. మీద వేస్తే బొమ్మ మొత్తం మాడిన పెనంలా కనబడుతుంది. ఒకటి రెండు మెట్లు తేలిక చెయ్యాల్సిందే. సీసా మీద ప్రష్యన్ బ్లూ అని రాసి ఉంది కదా అని అదే వేసెయ్యొద్దు. ఆ పేరున్నది 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో కనిపెట్టిన చిత్రకారుల రంగు, సైనికుడి ఉన్నిబట్టకి అద్దింది మొక్కల నుంచి తీసే నీలి.

ఎర్ర కోటు:
బ్రిటిష్ సైన్యం వేసేవాళ్లకి ఇంత గొడవ లేదని చెప్పడానికి వచ్చాను. అందరికంటే మాకే మంచి కాగితాలున్నాయి. 1742లో రాజు ఆజ్ఞ మీద గీయించిన బట్టల పుస్తకం ఉంది, రెజిమెంట్‌కొక బొమ్మ. 1751 జూలై 1న రాజాజ్ఞ వచ్చింది, రెజిమెంట్‌లకి నంబర్లు, ఫేసింగ్ (కఫ్‌లు, లాపెల్స్) రంగులు, జెండాలు అన్నీ అందులో రాసేశారు. అదే కాలంలో కంబర్లాండ్ డ్యూక్ కోసం డేవిడ్ మోరియర్ ఒక్కో రెజిమెంట్ గ్రెనేడియర్లనీ (పొడుగు టోపీలు పెట్టుకునే ఎంపిక చేసిన పదాతి సైనికులు) గుర్రపు సైనికులనీ నూనె రంగుల్లో వేశాడు, ఆ చిత్రాలు ఇప్పటికీ రాజకుటుంబపు సంగ్రహంలో ఉన్నాయి, నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. తర్వాత 1768 డిసెంబర్‌లో మరో ఆజ్ఞ. ఎర్ర వెయిస్ట్‌కోటు, ఎర్ర బ్రీచెస్ పోయి తెలుపు వచ్చింది, గ్రెనేడియర్ల గుడ్డ టోపీ పోయి ఎలుగుబంటి చర్మపు టోపీ వచ్చింది. ఏడేళ్ల యుద్ధపు బ్రిటిష్ సైనికుడికి తెల్ల బ్రీచెస్ వేశారంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు గైడు చూసి వేశారని అర్థం. ఈ తప్పు ఎన్ని టేబుళ్ల మీద చూశానో.

పేర్లతో జాగ్రత్త. 1751కి ముందు రెజిమెంట్‌ని కల్నల్ పేరుతో పిలిచేవాళ్లు. 1746 కలోడన్‌లో బారెల్ రెజిమెంట్ అంటే 4వ నంబర్ రెజిమెంటే. ఇండెక్స్‌లో పేరు దొరకలేదని కంగారుపడకండి, నంబర్‌తో వెతకండి. ప్రష్యా, ఆస్ట్రియాలకీ ఇదే చిక్కు. అప్పట్లో వాళ్లు అధిపతి పేరుతోనే పిలిచారు, మనం వాడే నంబర్లు తర్వాత వచ్చినవి.

లిల్లీ పువ్వు:
ఎర్ర కోటు గారూ, ఆజ్ఞ కాగితం మీద ఉంటుంది, బట్ట ఒంటి మీద ఉంటుంది. మీ 1751 ఆజ్ఞ అమెరికా అడవుల్లో తిరిగిన రెజిమెంట్‌కి ఎంతవరకు వర్తించింది? కోట్లు కత్తిరించుకున్నారు, లేసు పీకేశారు. గైడు చెప్పేది ఎలా ఉండాలని, ఎలా ఉందని కాదు.

ఎర్ర కోటు:
ఆ మాట నిజం, కానీ అది అమెరికా సంగతి. జర్మనీలో మిండెన్ (1 ఆగస్టు 1759) దగ్గర నిలబడ్డ రెజిమెంట్లు ఆజ్ఞకి చాలా దగ్గరగా ఉన్నాయనే నా నమ్మకం. పైగా బ్రిటిష్ పద్ధతిలో ఏడాదికొక కోటు ఇచ్చేవాళ్లు, పోయినేటి కోటుని కత్తిరించి వెయిస్ట్‌కోటు చేసేవాళ్లు, అందుకే వెయిస్ట్‌కోటు ఎరుపు. ఇది తెలిస్తే రంగు వేసేటప్పుడు కూడా ఉపయోగం, వెయిస్ట్‌కోటు ఎరుపుని కోటు కంటే ఒక ఛాయ వెలిసినట్టు వేయండి, ప్రాణం వచ్చేస్తుంది. ఆఫీసర్ల కోటు మాత్రం మెరిసే ఎరుపు, ఖరీదైన రంగు అద్దకం, సిపాయిది ఇటుక ఎరుపుకి దగ్గర.

గోదావరి గట్టు:
ఈ చర్చ చదువుతుంటే మా వైపు సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది పిఠాపురం దగ్గర. ఇదే ఏడేళ్ల యుద్ధంలో భాగంగా 1758 డిసెంబర్‌లో మా పక్కనే చందుర్తిలో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్‌కీ, ఫ్రెంచ్ సేనాని కాన్‌ఫ్లాన్స్‌కీ యుద్ధం జరిగింది. విజయనగరం రాజు ఆనందరాజు ఫోర్డ్ పక్షం. ఆ యుద్ధాన్ని మలుపు తిప్పినవాటిలో కోటు రంగు ఒకటి! ఫోర్డ్ బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కున్నారు. ఫ్రెంచ్‌వాళ్లకి ఇటువైపు సిపాయిలు అలా ఎర్ర కోట్లలో ఉండటం అలవాటు లేదు. ఇంగ్లీషు యూరోపియన్ పటాలమేమో ఎత్తుగా ఎదిగిన చేను చాటున ఉండిపోయింది. ఎర్ర కోట్లు కనబడేసరికి అవే యూరోపియన్ పటాలం అనుకుని ఫ్రెంచ్‌వాళ్లు తమ బలమంతా సిపాయిల మీదికి తోశారు, అసలు పటాలం పక్క నుంచి వచ్చి పడింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది.

నాకు ఈ యుద్ధం 28 మి.మీ.లో చెయ్యాలని ఉంది. కానీ మీరు చెప్పిన ఏ గైడులోనూ వీళ్లు లేరు. ఏం చెయ్యాలి?

ఎర్ర కోటు:
అబ్బ, ఎంత మంచి సంగతి చెప్పారండి! చందుర్తి పేరు విన్నాను కానీ కోట్ల కథ తెలియదు. ఒక హెచ్చరిక: నేను పైన చెప్పిన 1742, 1751 కాగితాలు రాజు రెజిమెంట్లవి. ఫోర్డ్ దగ్గరున్నది కంపెనీ పటాలం, అది ఆ జాబితాల్లో ఉండదు. కాబట్టి ఆ పట్టికలో ఏదో ఒక నంబర్ తీసి కంపెనీవాళ్లకి అంటించకండి. అలాగే సిపాయిలకి 1780లు, 90ల నాటి బొమ్మలు చూసి వేయకండి, టిప్పు యుద్ధాల సిపాయి వేరే మనిషి, మూడు దశాబ్దాల తేడా.

నీలి కోటు:
నా సలహా, ఖాయంగా తెలిసినదాన్ని బలంగా వేయండి, తెలియనిదాన్ని సాదాగా వదిలేయండి. ఎర్ర జాకెట్ ఖాయం, ఆ యుద్ధానికి అదే ప్రాణం. కఫ్‌ల దగ్గర లేని లేసు కల్పించకండి. ఆటలో కూడా దీన్ని వాడుకోవచ్చు. ఫ్రెంచ్ పక్షం ఆడేవాడికి ఏ ఎర్ర యూనిట్ సిపాయిలో, ఏది యూరోపియన్లో దగ్గరికి వచ్చేదాకా చెప్పకండి. బొమ్మలు అతికించే పలక (బేస్) అడుగున రాసి పెట్టుకోండి.

యూరప్‌లో కూడా ఇలాంటిది జరిగింది. 1745 ఫాంటెన్వాలో ఫ్రెంచ్ కొలువులోని ఐరిష్ సైనికులు ఎర్ర కోట్లలో ఉంటే, ఫ్రెంచ్ గుర్రపు దళమే ఇంగ్లీషువాళ్లనుకుని వాళ్ల మీద పడింది.

గోదావరి గట్టు:
బేస్ అడుగున రాసే ఆలోచన అద్భుతం అండి. ఇలాగే చేస్తాను. చేను కూడా పెట్టాలి మరి, అది లేకపోతే పటాలం ఎక్కడ దాక్కుంటుంది.

కొత్త బ్రష్:
నమస్తే అన్నలూ, నేను ఇంజినీరింగ్ స్టూడెంట్‌ని, 6 మి.మీ. కాగితం బొమ్మలతో ఆడతాను. పుస్తకాలు కొనే స్తోమత లేదు. డబ్బులు పెట్టకుండా నమ్మదగ్గది ఏదైనా ఉందా?

లిల్లీ పువ్వు:
ఉన్నాయి తమ్ముడూ, చాలా ఉన్నాయి. ఏడేళ్ల యుద్ధానికి క్రోనోస్కాఫ్ అనే సైట్ ఉంది, రెజిమెంట్‌కొక పేజీ, యూనిఫామ్ పట్టిక, జెండాలు, ఏ యుద్ధంలో ఎవరు ఉన్నారు, అన్నీ. దాన్లో నాకు నచ్చేది ఏమిటంటే ఆ కాలపు రెండు ఆధారాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే ఆ తేడాని రాసి పెడతారు. నీలి కోటు గారు అడిగిన రెండో ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇంకొకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ సంగ్రహం. అందులో వింక్‌హైజెన్ అనే డచ్ డాక్టర్ జీవితమంతా పోగుచేసిన సైనిక దుస్తుల చిత్రాలు ముప్పై వేలకి పైగా ఉన్నాయి. కానీ జాగ్రత్త, ఆయన ఎక్కడెక్కడి పుస్తకాల నుంచో ప్లేట్లు కత్తిరించి దేశం, కాలం వారీగా అతికించుకున్నాడు. అందులో ఆ కాలపు బొమ్మ పక్కనే వందేళ్ల తర్వాత గీసినది ఉంటుంది. నిధే, కానీ ఏరుకోవాలి. ఫ్రెంచ్‌కైతే అక్కడి జాతీయ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ లైబ్రరీ గాలికా ఉంది.

కుంచె మేస్త్రి:
ఇంకో మాట తమ్ముడూ. పాత ప్లేటు స్కాన్ చూసి రంగు సీసా ఎంచుకోవద్దు. ఆ ప్లేట్లు చేత్తో రంగు వేసినవి, ఒకే పుస్తకం రెండు ప్రతుల్లో కూడా ఆకుపచ్చ ఒకేలా ఉండదు. కాగితం పసుపెక్కి ఉంటుంది, పాత రంగు మాసి ఉంటుంది, దాని మీద నీ ఫోన్ స్క్రీన్ వెలుగు. ప్లేటు నుంచి ఏ భాగం ఏ రంగు అన్నంత వరకే తీసుకో, ఛాయ నీ కన్ను చెప్పినట్టు కలుపుకో. 6 మి.మీ.లో అయితే కోటు, కఫ్, టోపీ అంచు, జెండా. జెండా పెద్దదిగా పెట్టు, దూరం నుంచి సైన్యాన్ని గుర్తుపట్టించేది అదే.

కొత్త బ్రష్:
చాలా థాంక్స్ అన్నా. జెండాలకి కూడా ఇదే సైట్ సరిపోతుందా? తక్కువ రంగులు పట్టే సైన్యం ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.

ఎర్ర కోటు:
జెండాలు అక్కడ బాగున్నాయి. సులువుగా గుర్తుంచుకోవాలంటే, బ్రిటిష్ బెటాలియన్‌కి రెండు: ఒకటి యూనియన్ జెండా, రెండోది ఆ రెజిమెంట్ ఫేసింగ్ రంగులో. ఫ్రెంచ్‌ది తెల్ల శిలువ, నాలుగు మూలల్లో రెజిమెంట్ రంగులు, కల్నల్ జెండా మాత్రం మొత్తం తెలుపు. ఆస్ట్రియాకి పసుపు మీద రెండు తలల గద్ద, ముఖ్యమైన జెండా తెలుపు మీద మరియమాత.

తక్కువ రంగులంటే రష్యా. పదాతిదళం దాదాపు అంతా ఒకటే: ఆకుపచ్చ కోటు, ఎర్ర కఫ్‌లు, ఎర్ర వెయిస్ట్‌కోటు. రెజిమెంట్‌కీ రెజిమెంట్‌కీ తేడా వెతుక్కునే పని లేదు. ఎండాకాలపు దండయాత్రల్లో కోట్లు బండ్లలో పడేసి ఎర్ర వెయిస్ట్‌కోట్లతోనే నడిచేవాళ్లు, కాబట్టి కునర్స్‌డార్ఫ్ (12 ఆగస్టు 1759) కోసం సగం మందిని పూర్తిగా ఎరుపులో వేసినా తప్పు లేదు. ఫిరంగి దళం వేరే, వాళ్లది ఎర్ర కోటు, నల్ల కఫ్‌లు.

సీసపు సిపాయి:
నేను ఇలా అనుకుంటున్నాను. ఆస్ప్రే పదాతిదళం పుస్తకాలు రెండూ తీసుకుంటాను. లాయిటెన్‌లో ఉన్న రెజిమెంట్ల జాబితా క్రోనోస్కాఫ్ నుంచి రాసుకుని, ఒక్కో రెజిమెంట్‌కి పుస్తకం ఏమంది, సైట్ ఏమంది, ఏ సంవత్సరం ఆధారం అని నోట్‌బుక్‌లో పక్క పక్కన వేస్తాను. రెండూ కలిస్తే వేసేస్తాను, కలవకపోతే 1757కి దగ్గరి సంవత్సరం ఏది చెప్తే అది. ఇది సరేనా? చివరిగా ఒక్కటి, ప్రష్యన్ గ్రెనేడియర్ బెటాలియన్‌కి టోపీ రంగు ఎవరిది తీసుకోవాలి? ఏ రెజిమెంట్ పేరూ దానికి కనబడలేదు.

నీలి కోటు:
ప్లాన్ బాగుంది, అచ్చం అలాగే చెయ్యండి.

గ్రెనేడియర్ల సంగతి: యుద్ధానికి వెళ్లేటప్పుడు రెండు రెజిమెంట్ల నుంచి చెరో రెండు గ్రెనేడియర్ కంపెనీలు (చిన్న దళాలు) తీసి, నాలుగూ కలిపి ఒక బెటాలియన్ చేసేవాళ్లు. దాన్ని కమాండర్ పేరుతో పిలిచారు, అందుకే మీకు రెజిమెంట్ పేరు దొరకలేదు. కాబట్టి ఒకే బెటాలియన్‌లో రెండు రకాల కఫ్‌లు, రెండు రకాల టోపీలు. ముందు లోహపు రేకు, వెనక గుడ్డ రంగు ఏ రెజిమెంట్‌వాళ్లది ఆ రెజిమెంట్‌దే. ఆ బెటాలియన్ ఏ రెండింటి నుంచి వచ్చిందో ముందు తెలుసుకుని, సగం బేసులు ఒకరివి, సగం బేసులు ఇంకొకరివి వేయండి. ఒకే బేసు మీద ఇద్దరినీ కలపకండి, కంపెనీ కంపెనీగానే నిలబడేవాళ్లు.

సీసపు సిపాయి:
అర్థమైంది. ఆదివారం వుర్ట్స్‌బుర్గ్‌వాళ్లతో మొదలుపెడుతున్నాను, బూడిద అడుగు వేశాక ఫోటో ఇక్కడే పెడతాను, మేస్త్రి గారు ఛాయ చూసి చెప్పాలి.